చెవుల దాకా వచ్చి ఆగే చేతులు

ఈ పాట అయ్యాక లేస్తాను, కాదు, దీని తర్వాతి పాటకి, ఇనుప గంట ఇలా తరుముతుంటే నా వల్ల కాదు, కాస్త నెమ్మదించనీ, అనుకుంటూ ఫ్రెమా ప్లాస్టిక్ కుర్చీ అంచు దాకా జరిగింది, జరిగి మళ్ళీ వెనక్కి వాలింది. లేవడం ఇంత పెద్ద పని ఎప్పుడయిందో. నిరుడు ఇదే రోజుల్లో పొగబెట్టిన చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, చెయ్యి కూడా ఆనించకుండా, కుమాసీ మార్కెట్ మెట్లు దిగేది. ఇప్పుడు కుర్చీని నొక్కకూడదు, రెండు చేతులూ రొమ్ముకి అదుముకుని తొడల బలంతోనే లేవాలి. ఆసుపత్రిలో కసరత్తులు చేయించే లరిబా నేర్పిన విద్య అది. అక్రాలో రొమ్ము ఎముకను నిలువునా కోసి, గుండెలో పాడైపోయిన కవాటం తీసి లోహపుది పెట్టి, ఎముకను తీగతో కుట్టి పంపించారు. ఆ కవాటం చప్పుడు చేస్తుంది. నలుగురిలో వినపడదు గానీ ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు టిక్కు టిక్కుమని వినిపిస్తూనే ఉంటుంది, ఇంట్లో ఎప్పుడూ ఒక్కతే కాబట్టి ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ డోళ్ళ మోతలో అది మునిగిపోయింది. ఈ షామియానాల కిందికి వచ్చి కూర్చోవడంలో ఉన్న లాభాల్లో అదొకటి.

ఎదురుగా బల్ల మీద పూలదండల మధ్య పెద్ద ఫోటోలో ఓ ముసలావిడ నవ్వుతోంది. ఆవిడెవరో ఫ్రెమాకి తెలియదు. ఎనో అబ్రాఫి అట, పేరు వీధి చివర పోస్టరు మీద చదివింది. పోస్టరు మీద ‘దేవుని పిలుపు’ అని ఉంది, అందుకే వచ్చింది. కుర్రవాళ్ళు పోతే ‘ఎంత ఘోరం’ అని అచ్చు వేయిస్తారు, ఆ పోస్టరు కనిపిస్తే ఆమె రోడ్డు దాటి అవతలి పక్కకి పోతుంది, ఆ ఏడుపులు వినే గుండె కాదు ఇది, పాతదైతే వినేదేమో. ముసలివాళ్ళ చావులైతే నెమ్మది. పెళ్ళికి పిలవందే పోకూడదు, చావుకి పిలిచేదాకా ఆగకూడదు అంటారు, శనివారం మధ్యాహ్నం నల్లబట్ట కట్టుకుని వచ్చినవాళ్ళని ఎవరూ నువ్వెందుకొచ్చావని అడగరు. అక్క కొడుకు ఒడూరో మాత్రం చిన్నమ్మ ఈ వేళప్పుడు బడి మైదానంలో గుండ్రంగా నడుస్తోందనుకుంటాడు. ఆమె వీధి మలుపు తిరిగాక సంచిలోంచి చావులకి కట్టే ఎర్రగుడ్డ తీసి తలకి చుట్టుకుంటుంది, దొంగతనానికి పోయేదానిలా అటూ ఇటూ చూసి మరీ. ఈ వయసులో అబద్ధాలు. అయినా ఆ ఇంట్లో అబద్ధం మొదలుపెట్టింది తను కాదు.

ఆ మాట అక్కడ ఆపు, అనుకుంది. లేచేముందు అవన్నీ వద్దు. ఊపిరి ముక్కుతో లోపలికి, నోటితో బయటికి. ఎడారి నుంచి వీచే హర్మటాన్ గాలి దుమ్ముకి పెదవులు పగిలి నెత్తురు రుచి తగులుతోంది, నీళ్ళ పొట్లం కొరికి రెండు గుక్కలు తాగింది. నడవండి, అంది లరిబా మొదట్లో. ఉత్తరాది పిల్ల, నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయి, మా భాషని కంకరరోడ్డు మీద లారీలా మాట్లాడుతుంది. “గుండె కదలాలి, ఎముక కదలకూడదు అమ్మా. మెత్తగా ఉండేది ఏదైనా చెయ్యండి, కానీ రోజూ చెయ్యండి. విసుగొస్తే మానేస్తారు, నాకు తెలుసు మీ సంగతి.” మెత్తగా ఉండేది. మెత్తగా ఉండేది ఈ ఊళ్ళో ఎక్కడుంది? ఇంటిముందు రోడ్డు ఎత్తుకెక్కుతుంది, పక్కన మూతల్లేని కాలవ, వెనక నుంచి మోటారుసైకిళ్ళు. పైగా గుమ్మం గుమ్మానికీ ఒక గొంతు, ఫ్రెమా, ఎక్కడికి? ఎక్కడికీ లేదమ్మా, ఊరికే నడుస్తున్నా. ఊరికేనా? ఊరికే ఎవరైనా నడుస్తారా? మర్నాడే ఆ గుమ్మాలవాళ్ళు ఒడూరోని ఆపి, మీ చిన్నమ్మకి గుండె కోసేటప్పుడు తలకి కూడా ఏమైనా తగిలిందేమో కనుక్కో నాయనా, అన్నారట. ఆ తర్వాత చేతిలో ఖాళీ గిన్నె పట్టుకుని నడిచింది, ఉప్పుకి పోతున్నానని చెప్పడానికి. గిన్నె పట్టుకుంటే చెయ్యి ఊగదు, చెయ్యి ఊగకపోతే అది నడక కాదంది లరిబా. ఆదివారం పొద్దున్నే పచ్చ బనీన్లు వేసుకుని డప్పు కొట్టుకుంటూ రోడ్డు మీద పరుగెత్తే వ్యాయామ సంఘంలో కూడా చేరింది. రెండు వీధులు దాటేసరికి డప్పు ఎక్కడో, తను ఎక్కడో. వెనక వచ్చే వ్యాను డ్రైవరు హారను కొట్టి, అవ్వా, ఎక్కుతావా, అని పళ్ళికిలించాడు. ఎక్కింది. ఏం చేస్తుంది మరి. వ్యాయామానికి వెళ్ళి వ్యానులో కూర్చుని తిరిగొచ్చిన ఘనత తనది.

అప్పుడు ఒడూరో తొక్కుడు యంత్రం తెచ్చాడు, చక్రాల్లేని సైకిలు. పాపం, వాడి ఆరాటం వాడిది. ముందుగదిలో ఖాళీ అక్కడే ఉందని గోడవైపు తిప్పి పెట్టాడు, ఆ గోడ మీదే అక్క పోస్టరు ఉందని పెట్టేటప్పుడు వాడికి తోచలేదు. తివా. నలుపు మీద ఎర్ర అంచు, కింద ‘దేవుని పిలుపు’, ఫోటోలో తివా అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తోంది, ఫోటో తీసేవాడెవడైనా సరే దాని మొహం అంతే. ఫ్రెమా దానికి ఎదురుగా కూర్చుని తొక్కింది. తొక్కుతూనే ఉంది. ఎంత తొక్కినా అక్క దగ్గరికి ఒక్క జానెడు చేరలేదు. చెమట పట్టింది, లోపల కవాటం టిక్కుటిక్కుమంది, అక్క అలాగే చూసింది, ఆ పూటకి దిగి యంత్రం మీద ఉతికిన బట్టలు ఆరేసింది. ఇప్పటికీ దాని పని అదే.

డోళ్ళు ఆగాయి. మైకులో ఎవరిదో పేరు చదువుతున్నారు, ఫలానా ఊరి సంఘం, ఫలానా చర్చి తల్లులు. గుంపుగా కొత్తవాళ్ళు వచ్చి కుడివైపు నుంచి మొదలుపెట్టి వరసగా అందరి చేతులూ పట్టుకుని ఊపుతూ పోతున్నారు, ఫ్రెమా కూడా కూర్చున్నచోటే చెయ్యి ఇచ్చింది, ముతక చెయ్యి, తడి చెయ్యి, ఉంగరాల చెయ్యి. ఈ చావులకి రావడమూ అలా మొదలైందే. తొలిసారి ఏ ఉద్దేశమూ లేదు, నడుస్తూ నడుస్తూ ఒక షామియానా పక్కన దగ్గు వచ్చి ఆగింది. దగ్గు వస్తే ఎముక అదరకుండా దిండు హత్తుకోవాలి, దిండు లేదు, రెండు చేతులూ రొమ్ము మీద కత్తెరలా వేసి బిగించుకుని తల వంచి నిలబడింది. సరిగ్గా అప్పుడే డోళ్ళు అడోవా వాయిస్తున్నాయి, చావుల్లో చేతులతో మాట్లాడుతూ ఆడే ఆట. అడోవాలో చేతులు అలా పెట్టుకుంటే ఒకటే అర్థం, నాకు చలేస్తోంది, నాకెవరూ లేరు. ఎవరో పెద్దావిడ ఆమె తల మీదుగా రెండు వేళ్ళు చాపింది, భేష్, బాగా చెప్పావు అన్నట్టు. ఇంకెవరో చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. కుడి నుంచి మొదలుపెట్టి ఆ నాలుగు షామియానాల చుట్టూ తిరిగి అందరి చేతులూ అందుకునేసరికి, చూసుకుంటే, లరిబా చెప్పినంత నడక అయిపోయింది, ఎక్కడికి అని ఒక్కరూ అడగలేదు. చేతులు కూడా ఊగాయి. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి చాన్నాళ్ళకి కునుకు తీసింది. తర్వాతి వారం లరిబా ముందు నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, పాదం పూర్తిగా ఎత్తకుండా జరుపుతూ, నడుం తిప్పుతూ చూపిస్తే ఆ పిల్ల చిగుళ్ళు కనిపించేలా నవ్వింది. “ఇది ఎవరు నేర్పారమ్మా? నేను నేర్పాలనుకున్నవన్నీ ఇందులోనే ఉన్నాయి.” మా అక్క, అంది ఫ్రెమా. ఆ పిల్ల, మీ అక్కగారిని కూడా ఒకసారి తీసుకురండి, అంది. తెస్తానంది ఫ్రెమా. ఆ పిల్లకి ఎందుకు చెప్పాలి.

తివా ఆడితే డోలువాడే తడబడేవాడు. ఇంత లావు మనిషి, చేపల తట్టలా ఊగుతూ నడిచే మనిషి, డోలు వినపడగానే దుప్పిలా అయిపోయేది, కాలు నేలని అడుగుతున్నట్టు, పెట్టనా వద్దా, పెట్టనా వద్దా. ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. చావుకి వెళ్ళేముందు చేతులకి నిమ్మచెక్క రుద్దుకునేవాళ్ళు, చేపల వాసన పోవడానికి, పోయేది కాదు. తివా ముందు, ఫ్రెమా వెనక, ఎప్పుడూ వెనకే, అక్క చెయ్యి ఎటు పోతే అటు తన చెయ్యి. ఇంట్లోనూ అంతే, ఉడికిన దుంపల్ని ఫుఫు ముద్దగా దంచడానికి తివా రోకలి పట్టుకునేది, ఫ్రెమా రోట్లో చెయ్యి పెట్టి ముద్ద తిప్పేది, రోకలి లేచినప్పుడు చెయ్యి లోపల, రోకలి దిగినప్పుడు చెయ్యి బయట, ఇన్నేళ్ళలో ఒక్కసారి వేలు నలగలేదు. ఆ మధ్యలో ఊరివాళ్ళందరి సంగతులూ చెప్పుకునేవాళ్ళు. ఒక్కరే దంచుకునేది కాదు ఫుఫు. ఇప్పుడు పొడి తెచ్చి కుండలో గరిటెతో కలిపి తింటోంది, జిగురులా ఉంటుంది, గొంతులో దిగుతుంది, అంతే. రోలు వాకిట్లో బోర్లించి ఉంది. కోడి దానిమీద పడుకుంటోంది.

“చేతులు తలమీద పెట్టుకోవడం మాత్రం ఊరికే చెయ్యకే,” అనేది తివా. మిగతావన్నీ ఎక్కడైనా చూపించొచ్చు, ఆకాశం వైపు చెయ్యి చాపొచ్చు, పొట్ట పట్టుకోవచ్చు, మోచేతులు విదిలించొచ్చు, కానీ రెండు చేతులూ ఎత్తి తలమీద పెట్టుకుంటే నేను మునిగిపోయాను అని అర్థం. “ఊళ్ళో ప్రతి చావుకీ మునిగిపోతే, మనవాళ్ళు పోయిననాడు ఎక్కడ మునుగుతావు?” అమ్మ పోయినప్పుడు తివా పెట్టుకుంది. అంతే. ఎవరెంత పెద్దవాళ్ళు పోయినా, డోలువాడు చేతులు తలమీదికి ఎత్తించే ఆ దరువు వేసి ఎంత రెచ్చగొట్టినా, దాని చేతులు భుజాల దగ్గర నవ్వి ఊరుకునేవి. పొదుపరి. ఏడుపు దగ్గర కూడా పొదుపరే.

నిరుడు వానల్లో అక్రాలో ఆ వార్డు కిటికీలోంచి పార్కింగు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఆపరేషన్ ఇవాళా రేపూ అని జరిగిపోతూ ఉండేది. మొదట్లో తివా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి అరిచేది, ఫోనులో దూరాన్ని బట్టి అరవాలని దాని నమ్మకం. తర్వాత ఫోన్ రాలేదు. ఒడూరో చేశాడు. అమ్మ ఫోన్ చారుకుండలో పడింది చిన్నమ్మా. సరే, అది చెయ్యగలదు ఆ పని. వారం గడిచినా కుండలోంచి బయటికి రాలేదు ఆ ఫోన్. నీ ఫోన్ ఇవ్వరా దానికి. పొలానికెళ్ళింది చిన్నమ్మా, కోకో కోతలు. కానీ కబుర్లు మాత్రం తెచ్చేవాడు. అమ్మ అడగమంది, ఆసుపత్రివాళ్ళ మొక్కజొన్న కెంకే ముద్ద తింటున్నావా, పక్కమంచం మనిషికి అంటగడుతున్నావా అని. ఫ్రెమా పొట్ట పట్టుకుని నవ్వింది ఆ మాటకి, అచ్చం తివా మాట. అమ్మ చెప్పమంది, మగ డాక్టర్ అందంగా ఉంటే తొందరపడి బాగవ్వొద్దని. ఆ మాట వార్డంతా చెప్పింది. తర్వాత ఎప్పుడో తెలిసింది, ఆ మాటలన్నీ ఒడూరో బస్టాండు గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, వాళ్ళమ్మ అయితే ఏమంటుందా అని ఆలోచించి కట్టినవని. తివా అప్పటికే శవాల చల్లటి గదిలో ఉంది. మార్కెట్లో తట్ట దింపుతూ తలలో నరం చిట్లి కూలిపోయిందట, చేపలన్నీ ఆమె మీదే పడ్డాయట. అక్క తనతో అన్న మాటల్లో మహా మంచివి కొన్ని అక్క అనలేదు. ఈ ఆలోచనని ఎటు తిప్పి పెట్టుకున్నా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంకొకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్‌కి ముందురోజు అందరి మంచాల దగ్గరా మనుషులున్నారు, తన మంచం దగ్గర లేరు. కోకో కోతలట. కడుపు మండిపోయి ఒడూరోతో ఫోనులో అంది, “మీ అమ్మకి చెప్పు, నేను చచ్చినా దానికి తీరిక దొరకదని తెలిసిందని చెప్పు. బతికి ఇంటికొస్తే దాని మొహం చూడనని చెప్పు.” చెప్తాను చిన్నమ్మా, అన్నాడు వాడు. చూడలేదు మరి. ఆ మాట నిలబెట్టుకున్నట్టే అయింది. ఆ సమయానికి ఊళ్ళో ఇలాంటి షామియానాల కిందే, ఇవే డోళ్ళు, ఇదే గంట, తివాని పాతిపెట్టడం కూడా అయిపోయింది, అంత పెద్ద ఆటకత్తె కోసం ముందు వరసలో ఆడడానికి ఉండవలసిన మనిషి అక్రాలో మంచం మీద కూర్చుని దాని మీద అలిగి ఉంది.

“మీరు ఎవరి తరఫమ్మా?”

పక్క కుర్చీలో ఆవిడ. వచ్చిన దగ్గర్నుంచీ వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది, ఒలిచినవాటిలో సగం ఫ్రెమా ఒళ్ళో పెడుతోంది. తన పేరు బిరాగో అని, పోయినావిడకి వెనకింటి మనిషినని అడక్కుండానే చెప్పింది.

“మార్కెట్ తరఫు,” అంది ఫ్రెమా, ఎప్పుడూ చెప్పే జవాబు.

“చేపలా? అనుకున్నాలే. నా ముక్కు మామూలు ముక్కు కాదు,” అని బిరాగో మొహమాటం లేకుండా నవ్వి, దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. తగ్గించినా మూడు కుర్చీల దాకా వినపడుతుంది. “అంతా బాగానే చేశారు గానీ, ముసలాయన లేకపోవడమే వెలితి.”

“ఆయన ముందే పోయాడా?”

“పోలేదమ్మా, బతికే ఉన్నాడు. తుంటి విరిగి ఆసుపత్రిలో పడున్నాడు, కాలికి బరువులు వేలాడేసి. ఆయనకి తెలీదు. ఇప్పుడు చెప్తే ప్రాణం నిలుస్తుందా? టెచిమాన్‌లో మనవరాలి కాన్పుకి వెళ్ళిందని చెప్పారు.” ఒక గింజ నోట్లో వేసుకుంది. “ఆయనేమో అలిగి కూర్చున్నాడంట. నేనిక్కడ మంచంలో ఉంటే చెప్పాపెట్టకుండా ఊళ్ళు తిరుగుతుందా, రానీ దాన్ని, పలకరిస్తే నా పేరు మార్చుకుంటానంటున్నాడంట. చారు పంపిస్తే తాగట్లేదంట. మా ఆయనకి నవ్వాగలేదు.”

బిరాగో కూడా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, ఏం చెయ్యాలో తెలియక నవ్వే నవ్వు. ఫ్రెమా ఒళ్ళో గింజలు చూసుకుంది. చారు తాగట్లేదు. మొహం గోడవైపు తిప్పుకుని పడుకుని ఉంటాడు, ఆవిడ మీది కోపమంతా గోడకి చెప్తూ ఉంటాడు, వచ్చాక అనవలసిన మాటలు వరసపెట్టుకుంటూ ఉంటాడు, ఒకటికి మూడుసార్లు మార్చి, ఇంకా గట్టిగా తగిలేలా. ఆవిడ అక్కడ పూలదండల మధ్య నవ్వుతోంది. ఎవరో ఒకరు బస్టాండు గోడకి ఆనుకుని, ముసలావిడ అయితే ఏమంటుందా అని ఆలోచిస్తూ ఉంటారు. అందరూ మంచివాళ్ళే. తన వాళ్ళూ మంచివాళ్ళే. కబురు చెప్తే ఆపరేషన్ మానేసి బస్సెక్కి వచ్చేస్తుంది, దారిలోనే పోతుంది, ఇద్దర్నీ పాతిపెట్టాలి, అన్నాడట వంశపెద్ద నానా అంపోఫో. నిజమే. వచ్చేసేది. ఆ నిజాన్ని కూడా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వచ్చిన రోజు వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి, అందరూ నల్లబట్టల్లో ఉన్నారు, పద్ధతి ప్రకారం ముందు నీళ్ళిచ్చారు, నీళ్ళు తాగాక ప్రయాణం కబుర్లు అడిగారు, అవి అయ్యాకే నానా అంపోఫో గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరవకముందే తెలిసిపోయింది, రోలు బోర్లించి ఉంది. లేచింది. చేతులు వాటంతట అవే లేచాయి, ఇన్నేళ్ళు పొదుపు చేసింది ఈ రోజు కోసమే కదా, భుజాలు దాటాయి, చెవుల దాకా వచ్చాయి, ఒడూరో పరుగెత్తుకొచ్చి రెండు మణికట్లూ గాల్లోనే పట్టేసుకున్నాడు. “చిన్నమ్మా, చేతులు! ఎముక ఇంకా అతకలేదు చిన్నమ్మా!” వాడే ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే మెల్లగా చేతులు కిందికి దించాడు, ఎవరో దిండు తెచ్చి రొమ్ముకి అదిమారు. దిండు హత్తుకుని ఎంత ఏడవొచ్చో అంతే ఏడ్చింది. కాస్త దగ్గినంత. అప్పటి నుంచి ఆ చేతులు అక్కడే ఉండిపోయాయి. వంట చేస్తాయి, బట్టలు ఆరేస్తాయి, కానీ చెవుల దగ్గరికి రాగానే ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోతాయి. పోయిన నెల లరిబా ఎక్స్‌రే చూసి, అతుక్కుంది అమ్మా, ఇంక మీ ఇష్టం, ఎత్తుకోండి, ఇంక మిగిలింది భయమే, అంది. భయం అంటే ఏమిటి, సంచి జిప్పులా రొమ్ము తెరుచుకుంటుందని. ప్రతి శనివారమూ లేస్తుంది, జరుగుతుంది, తిరుగుతుంది, డోలువాడు ఆ దరువుకి వచ్చేసరికి చేతులు చెవుల దాకా లేచి ఆగుతాయి. అయినా పరాయి చావులో ఎందుకు పెట్టుకోవాలి, అక్క ఒప్పుకోదు, అని తనకి తాను చెప్పుకుని వచ్చి కూర్చుంటుంది. అక్క పేరు చెప్పుకుని భయాన్ని దాచుకోవడం తేలిక.

అడోవా మళ్ళీ ఎత్తుకున్నారు. గంట నెమ్మదిగానే ఉంది. ముక్కు మోకాళ్ళ మీదికి వచ్చేలా వంగి, చేతులు రొమ్ముకి అదుముకుని, లేచింది. గింజలు నేల మీద పడ్డాయి. ముందు డోళ్ళవాళ్ళకి వంగి దండం, తర్వాత పెద్దలకి, అడగకుండా అడుగు వెయ్యకూడదు. కుడికాలు. పెట్టనా వద్దా. నేల మెత్తగా ఉంది, ఎర్రమట్టి, దుమ్ము. ఎడమకాలు. పక్కనుంచి ఎవరో అమ్మాయి తోడు వచ్చింది, వద్దని తల ఊపింది. లోపల టిక్కు, బయట గంట, రెండూ ఒకటి కాలేదు, ఒకదాని సందుల్లో ఒకటి పడుతున్నాయి, రోకలీ చెయ్యీ లాగా, ఒకటి లేచినప్పుడు ఒకటి లోపలికి. ముందర ఎవరూ లేరు. ఎప్పుడూ ముందర ఒక లావుపాటి వీపు ఉండేది, దాని చెయ్యి ఎటు పోతే అటు తన చెయ్యి, ఇప్పుడు ఎటు పోవాలో తనే చూసుకోవాలి. చెయ్యి ఆకాశం వైపు పోయింది. పొట్ట మీదికి పోయింది. రొమ్ము మీద కత్తెర పడింది, చలి, ఎవరూ లేరు, ఇది అబద్ధం కాదు. డోలువాడు ఆమెని చూశాడు, చూసి ఆ దరువు వేశాడు.

చేతులు లేచాయి. భుజాలు దాటాయి. చెవుల దగ్గర ఆగాయి. అలిగి గోడవైపు మొహం తిప్పుకుని పడుకున్నాడు ఆయన, చారు తాగట్లేదు, ఆయన చేతులు మంచం మీద ఉన్నాయి, ఎత్తాల్సిన రోజు ఇదని వాటికి తెలియదు. నాకూ తెలియలేదు. తివా, నేను మంచం మీద కూర్చుని నీ మీద అలిగాను. మొహం చూడనన్నాను. నీకు వినపడలేదు కదా, చెప్పలేదు కదా వాడు, చెప్పడానికి నువ్వు లేవు కదా. ఎముక లాగింది, తీగ ఎక్కడో గుచ్చినట్టయింది, తెరుచుకుంటే తెరుచుకోనీ, అనుకుంది, ఎర్రగుడ్డ తగిలింది వేళ్ళకి, దాని కింద జుట్టు, దాని కింద తల. రెండు అరచేతులూ నెత్తిమీద పడ్డాయి.

రొమ్ము తెరుచుకోలేదు. గొంతు తెరుచుకుంది. అది తన గొంతని ముందు గుర్తుపట్టలేదు, దిండు అడ్డం లేని ఏడుపు విని ఎన్నాళ్ళయిందో, అక్కా, అక్కా, అని వీధి చివర దాకా పోయింది. గంట వాయించేవాడు ఒక దెబ్బ తప్పాడు. షామియానాల కింద గుసగుస లేచింది, ఎవరీవిడ, అక్క అంటోంది, అబ్రాఫికి చెల్లెలెక్కడిది, వాళ్ళ నాన్న బయట ఎవర్నైనా కన్నాడేమో. వెనక నుంచి వేరుశనగ వాసన వచ్చింది, బిరాగో చెయ్యి ఆమె తల మీదుగా రెండు వేళ్ళు చాపి నిలబడింది.

ఎర్రబట్ట భుజాన వేసుకున్న పెద్దమనిషి ఒకడు, ఆ ఇంటి తరఫున మాట్లాడేవాడు, మెల్లగా దగ్గరికి వచ్చాడు. “అమ్మా, మీ రాక మాకు గౌరవం. ఇంత దుఃఖం సొంతవాళ్ళకే వస్తుంది. తప్పుగా అనుకోకండి, మీరు ఎవరి తరఫున వచ్చారు?”

మార్కెట్ తరఫు అనడానికి నోరు రాలేదు.

“ఆసుపత్రిలో అలిగి పడుకున్నాయన తరఫున,” అంది ఫ్రెమా. “ఆయన చెయ్యాల్సింది నేను చేశాను. నాకు ఆయన తెలీదు. ఈ పూటే వెళ్ళి చెప్పండి నాన్నా ఆయనకి. ఎంతమందిని కూర్చోబెట్టుకుని చెప్తారో చెప్పండి. కానీ అలకలో ఉంచకండి. తర్వాత తీర్చుకోడానికి మనిషి దొరకదు.”

పెద్దమనిషి తలదించుకున్నాడు. డోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి, కొత్తగా వచ్చినవాళ్ళు కుడివైపు నుంచి చేతులు కలుపుతూ వస్తున్నారు, మైకులో ఇంకో ఊరి పేరు చదువుతున్నారు. ఫ్రెమా అక్కడే నిలబడి ఉంది. భుజాలు నొప్పి పుడుతున్నాయి. చేతులు తలమీదే ఉన్నాయి, వాటిని పట్టుకుని కిందికి దించడానికి ఎవరూ రాలేదు.